మందమే మందు

*కొత్త ఇళ్ల ప్లానుల్లో పూజగది తర్వాత ఇప్పుడు పాటల గది చోటు అడుగుతోంది. స్పీకర్లు ఎంచుకోవడానికి నెలలు పడుతోంది. గోడలకు ఏం కట్టాలన్నది మాత్రం అరగంటలో తేలిపోతోంది. అక్కడే వస్తోంది చిక్కు.*

ఉడుమలైపేటలో పళని రోడ్డును ఆనుకున్న ఓ వీధి. గృహప్రవేశానికి కట్టిన మామిడాకులు ఇంకా పూర్తిగా ఎండలేదు. మేడమీది గదిలో నున్నటి టైల్సు, పుట్టీ పెట్టి రుద్దిన గోడలు, తూర్పున నిలువెత్తు గాజు కిటికీ. అట్టపెట్టెల్లోంచి అప్పుడే తీసిన రెండు స్పీకర్లు గది మధ్యలో నిలబడ్డాయి. స్పిన్నింగ్ మాస్టరుగా రిటైరైన ఇంటాయన బోణీగా ఘంటసాల పాట పెట్టాడు. రెండో పాదం మొదలయ్యేసరికి మొదటి పాదం తోక ఇంకా గదిలోనే తిరుగుతోంది. మాట మీద మాట ఎక్కి ఏదీ తెలియడం లేదు. మెట్లెక్కి వచ్చిన తల్లి గుమ్మంలోనే ఆగిపోయింది.

“ఏమిరా, ఆయప్ప బాయిలో కూసోని పాడినట్లుండాదే!”

కోయంబత్తూరు నుంచి వచ్చిన మేనల్లుడు అప్పటికే ఫోను తీశాడు. తెరమీద నల్లటి స్పాంజి పలకలు, వాటి నిండా చిన్న చిన్న పిరమిడ్లు. “గోడంతా ఇవి అంటిద్దాం మామా, స్టూడియో మాదిరి అయిపోతుంది.”

స్పీకర్లకు లక్షలు పోయడానికి వెనకాడనివారు కూడా గది సంగతికి వచ్చేసరికి ఇలాంటి సలహా మీదే నడుస్తున్నారు. చిత్రమేమిటంటే ఆ గదికి కావలసిన సరుకు ఆ ఊరి చుట్టూనే గుట్టలుగా పడి ఉంది. పొల్లాచ్చి దారిలో కొబ్బరి పీచు, నూలు మిల్లుల వెనుక పత్తి వేస్టు, పరుపుల అంగడిలో బూరుగు దూది. ఏది ఎంత పని చేస్తుందో, ఏది ఏ పనీ చేయదో తెలుసుకోవడమే మిగిలింది.

గది కూడా పాడుతుంది

స్పీకరు నుంచి చెవికి నేరుగా వచ్చే శబ్దం ఒకటే. దాని వెంటే గోడలు, కప్పు, నేల తిప్పికొట్టినవి వందలు. ఖాళీ గదిలో ఒక్క చప్పట కొట్టి చూడండి. ‘టప్’ అని ఆగాల్సింది ‘ట్ట్ర్ర్’ అని సాగితే, ఎదురెదురు గోడలు శబ్దాన్ని ఇటూ అటూ విసురుకుంటున్నాయని అర్థం.

లెక్క వేద్దాం. 12 అడుగుల వెడల్పు, 14 అడుగుల పొడవు, 10 అడుగుల ఎత్తు ఉన్న గది అనుకుందాం. సిమెంటు పూసి రంగు వేసిన ఇటుక గోడ తనమీద పడిన శబ్దంలో నూటికి రెండు మూడు వంతులకు మించి మింగదు. టైల్సు అంతకన్నా తక్కువ. సామాను లేని అలాంటి గదిలో ఒక శబ్దం పూర్తిగా చచ్చిపోవడానికి 3 సెకన్లకు పైనే పడుతుంది. పాట హాయిగా వినాలంటే అది అర సెకను లోపు ఉండాలి. అంతసేపట్లో గాయకుడు చాలా అక్షరాలు పలుకుతాడు, మృదంగం మీద ఎన్నో దెబ్బలు పడతాయి. అవన్నీ ఒకదానిలో ఒకటి కలిసిపోతే మిగిలేది హోరు.

రెండో చిక్కు మంద్ర స్వరాలది. 14 అడుగుల పొడవున్న గదికి 40 హెర్ట్జ్ దగ్గర సొంత స్వరం ఒకటి ఉంటుంది. 12 అడుగుల వెడల్పుకు 47, 10 అడుగుల ఎత్తుకు 56. పాటలో ఆ స్వరాలు వచ్చినప్పుడల్లా గది వాటిని పట్టుకుని ఊపుతుంది. సోఫాలో కూర్చుంటే గుబగుబ, రెండడుగులు ముందుకు జరిగితే బాస్ మాయం. ఇది స్పీకరు లోపం అనుకుని స్పీకర్లు మార్చేవాళ్లు చాలామంది. కొత్తవి వచ్చాక కూడా గది పాత పాటే పాడుతుంది.

పాత ఇంట్లో ఎందుకు బాగుండేది

ఈ ప్రాంతానికి పాట వినడం కొత్త కాదు. కోయంబత్తూరు దగ్గరి కలంగల్‌లో పుట్టిన జి.డి.నాయుడు 1920లో తన మొదటి బస్సును పొల్లాచ్చి, పళని మధ్య తానే నడిపాడు. ఆ దారి మధ్యలోదే ఉడుమలైపేట. అదే మనిషి 1941లో అయిదు వాల్వుల రేడియో సెట్టును 70 రూపాయలకే చేసి ఇవ్వగలనని ప్రకటించాడు. ఊరి పేరునే ఇంటిపేరుగా మోసిన ఉడుమలై నారాయణకవి రాసిన తమిళ సినిమా పాటలు గ్రామఫోను పెట్టెల్లో మోగాయి. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం మాట్లాడే నాయుళ్ల లోగిళ్లలో రెండు భాషల పాటలూ విన్నారు. అప్పుడు ఎవరూ గోడలకు ఏమీ అంటించలేదు. అయినా మాట తెలిసేది.

కారణం ఇల్లే. ఎగుడుదిగుడు మట్టి గోడలు, సందులున్న పెంకుల కప్పు, మూలన ధాన్యం బస్తాలు, పత్తి పంటప్పుడు గది నిండా పత్తి, నులక మంచాలు, వాటి మీద పరుపులు, దండేల మీద బట్టలు. అన్నిటికీ మించి నడిమి ముంగిలి. ఆకాశంలోకి వెళ్లిన శబ్దం తిరిగి రాదు. మదురైలో తిరుమల నాయకుడు 1636లో కట్టించిన మహలులో స్తంభాలకూ గోడలకూ నున్నటి సున్నపు పూతే. శబ్దాన్ని ఇట్టే తిప్పికొట్టే సరుకు అది. అంత పెద్ద భవనాన్ని గోల నుంచి కాపాడేది మధ్యనున్న విశాలమైన ముంగిలి.

ఇప్పటి ఇంట్లో ముంగిలి పోయింది. పెంకుల చోట కాంక్రీటు, మట్టి చోట పుట్టీ, చెక్క తలుపుల చోట గాజు వచ్చాయి. దుమ్ము పడుతుందని పరదాలు తీసేశారు. బస్తాలు గోడౌనుకు పోయాయి. శబ్దాన్ని మింగేవన్నీ ఇంట్లోంచి వెళ్లిపోయాక పాటల గది కట్టుకుంటున్నాం.

> దిండ్లు మోసిన ప్రొఫెసరు
>
> 1895లో హార్వర్డ్ విశ్వవిద్యాలయం కొత్తగా కట్టిన ఫాగ్ మ్యూజియం ఉపన్యాసశాలలో అధ్యాపకుల మాటలు అర్థం కాలేదు. పలికిన మాట అయిదు సెకన్లకు పైగా గదిలోనే తిరిగేది. సరిచేయమని వాలెస్ సాబిన్ అనే యువ భౌతికశాస్త్ర అధ్యాపకుడికి అప్పగించారు. ఆయన రాత్రిళ్లు దగ్గరలోని శాండర్స్ థియేటరు నుంచి సీట్ల దిండ్లు మోయించి తెచ్చేవాడు. ఒక్కో వరుస పేర్చి, ఆర్గన్ గొట్టం ఊదించి, ఆ శబ్దం ఎంతసేపట్లో ఆగుతుందో గడియారం పట్టి చూసేవాడు. తెల్లారేలోపు దిండ్లు మళ్లీ థియేటరుకు చేరాలి. తాను వేసుకున్న బట్టలు కూడా లెక్క తప్పిస్తున్నాయని తెలిశాక ప్రతిసారీ ఒకే రకం దుస్తుల్లో కొలిచాడు. ఆ దిండ్ల లెక్కలోంచి వచ్చిన సూత్రమే ఇవాళ్టికీ అన్ని హాళ్లకూ ఆధారం. ఆయన సలహాతో కట్టిన బోస్టన్ సింఫనీ హాలు 1900లో తెరుచుకుంది. శబ్దం మింగే శక్తికి ఆయన పెట్టుకున్న కొలమానం తెరిచిన కిటికీ. అందులోంచి వెళ్లిన శబ్దం వెనక్కి రాదు కాబట్టి దానికి నూటికి నూరు మార్కులు.

స్పాంజి మోజు

మళ్లీ మేనల్లుడి ఫోను దగ్గరికి వద్దాం. అంగుళం మందం పిరమిడ్ స్పాంజి పని చేయదని కాదు. కీచుగా ఉండే సన్న శబ్దాలను మింగుతుంది. మనిషి గొంతులోని కింది భాగం, డోలు, మృదంగం తొప్పి, బాస్ గిటారు దాని గుండా వెళ్లి గోడను కొట్టి తిరిగి వస్తాయి. గోడంతా అంటిస్తే పాటలో మెరుపు పోయి బురద మిగులుతుంది. చప్పట్లు కొడితే మాత్రం అద్భుతంగా ఆగిపోతుంది. అందుకే అంగట్లో చప్పట్లు కొట్టి చూపిస్తారు.

దీని వెనుక ఉన్నది చిన్న విషయం. 1000 హెర్ట్జ్ శబ్దం ఒక అల పొడవు సుమారు 34 సెంటీమీటర్లు. 100 హెర్ట్జ్‌ది దాదాపు 11 అడుగులు. పీచు మందం, దాని వెనుక వదిలిన గాలి సందు కలిపి అలలో నాలుగో వంతుకు దగ్గరయ్యే కొద్దీ మింగుడు పెరుగుతుంది. అంగుళం సరుకుతో 11 అడుగుల అలను ఆపడం కుదరదు, దాని రంగు ఏదైనా, ధర ఎంతైనా. ఈ వ్యవహారంలో మందమే మందు.

కోడిగుడ్ల అట్టల సంగతీ ఇంతే. పలచని అట్ట, లోపల పీచు లేదు. గది అందం చెడడం తప్ప ఒరిగేది లేదు. నేలంతా తివాచీ పరిచినా చిక్కే. కాంక్రీటు మీద పరిచిన మందపాటి తివాచీ 2000 హెర్ట్జ్ దగ్గర నూటికి 60 వంతులు మింగుతుంది. 125 హెర్ట్జ్ దగ్గర రెండే వంతులు. ఒక్క తివాచీతో సరిపెట్టుకున్న గది చెవికి బొంగురుగా తోస్తుంది.

> నిప్పు మాట
>
> 2003 ఫిబ్రవరి 20న అమెరికాలోని రోడ్ ఐలండ్ రాష్ట్రంలో స్టేషన్ నైట్‌క్లబ్బు అంటుకుంది. వేదిక మీది బాణసంచా రవ్వలు గోడకు అంటించిన పాలీయురిథేన్ స్పాంజి మీద పడ్డాయి. 100 మంది చనిపోయారు. 2013 జనవరిలో బ్రెజిల్‌లోని శాంటా మరియాలో కిస్ క్లబ్బులో 242 మంది, 2015 అక్టోబరులో బుకారెస్ట్‌లో కలెక్టివ్ క్లబ్బు మంటల వల్ల 64 మంది. మూడు చోట్లా నిప్పు అందుకున్నది శబ్దం కోసం కట్టిన స్పాంజే. మంట కన్నా ముందు దాని పొగ ప్రాణం తీస్తుంది. ప్యాకింగు స్పాంజిని గోడలకు అంటించడం ఎంత చవకైనా చేయకూడని పని.

ఊరి సరుకు, దాని గుణం

శబ్దమంటే గాలి కదలిక. ఆ గాలి సన్నని పోగుల మధ్య రాసుకుంటూ దూరినప్పుడు దాని శక్తి వేడిగా మారి ఆగిపోతుంది. అందుకే రెండు విషయాలు చూడాలి. గాలి లోపలికి దూరాలి. దూరాక రాపిడి దొరకాలి. పోగు ఎంత సన్నగా ఉంటే రాపిడి అంత ఎక్కువ.

*గ్లాస్ ఊల్, రాక్ ఊల్:* కోయంబత్తూరు ఇన్సులేషన్ అంగళ్లలో దొరుకుతాయి. పోగులు చాలా సన్నం. ఘనపు మీటరుకు 48 నుంచి 64 కిలోల సాంద్రత ఉన్న రెండంగుళాల పలక మధ్యస్థాయి శబ్దాలను దాదాపు పూర్తిగా మింగుతుంది. నిప్పుకు అంటుకోదు, చెద పట్టదు. చర్మానికి తగిలితే దురద. కోసేటప్పుడు చేతికి తొడుగు, ముక్కుకు మాస్కు ఉండాలి, తర్వాత గుడ్డలో బిగించేయాలి. గ్లాస్ ఊల్ వల్ల క్యాన్సర్ వస్తుందన్న భయం ఒకప్పుడు ఉండేది. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2001లో దాన్ని అనుమానితుల జాబితా నుంచి తీసేసింది.

*కొబ్బరి పీచు:* పొల్లాచ్చి, ఉడుమలై చుట్టుపక్కల దీనికి కొరత లేదు. పొల్లాచ్చిలో కాయిర్ బోర్డుకు ప్రాంతీయ కార్యాలయమే ఉంది. పీచు గట్టిది, తేమకు తొందరగా కుళ్లదు, నిలబెట్టినా కుంగదు. కానీ పోగు లావు. తల వెంట్రుక కన్నా రెండు మూడింతలు ఉంటుంది. గాలి దాని మధ్య నుంచి పెద్దగా రాపిడి లేకుండానే పోతుంది. కాబట్టి పలచని కాయిర్ చాపతో పని జరగదు. మలేసియా పరిశోధకులు కొబ్బరి పీచు పలకలను పరీక్షించినప్పుడు, మందం పెంచినా, వెనుక గాలి సందు వదిలినా కిందిస్థాయి శబ్దాల మింగుడు మెరుగుపడింది. పరుపులకు వాడే రబ్బరు పట్టించిన పీచు షీట్లు రెండు మూడు కలిపి వాడుకోవచ్చు. వెనుక ప్లాస్టిక్ అంటించిన గుమ్మం చాపలు, గట్టిగా నొక్కిన కాయిర్ బోర్డులు ఈ పనికి రావు.

*పత్తి వేస్టు:* 1888లో కోయంబత్తూరులో మొదటి నూలు మిల్లు వెలిసింది. 1910లో జి.కుప్పుస్వామి నాయుడు లక్ష్మీ మిల్స్ పెట్టాడు. అప్పట్నుంచీ ఈ సీమలో దూది ఎగరని ఊరు లేదు. పత్తి పోగు వెంట్రుకలో నాలుగో వంతు ఉంటుంది, కాబట్టి శబ్దానికి మంచి రాపిడి. అయితే వేస్టంతా ఒకటి కాదు. మన స్పిన్నింగ్ మాస్టరును అడిగితే ఇట్టే చెబుతాడు: కోంబర్ నాయిల్ శుభ్రం, కార్డింగు దగ్గరి ఫ్లాట్ స్ట్రిప్స్ ఫర్వాలేదు, బ్లో రూము కింద రాలిన చెత్తలో గింజ ముక్కలు, ఆకు నలుసులు ఉంటాయి. ఆ చివరిది గోడకెక్కితే పురుగును ఇంటికి పిలిచినట్టే. తిరుప్పూరు బనియన్ కత్తిరింపులను చీల్చి చేసిన దూది కూడా పనికొస్తుంది.

*బూరుగు దూది:* లోపల బోలుగా ఉండే సన్నని పోగు. తేలిక, నీటిని పీల్చదు. గుణంలో బాగున్నా త్వరగా అంటుకుంటుంది, కుట్టు వదులైతే ఇల్లంతా ఎగురుతుంది.

పరుపు కుట్టే చేతికి పని

దూదిని గోడ మీద నిలబెట్టడం అంత సులువు కాదు. చట్రంలో నింపి గుడ్డ కప్పితే నాలుగు నెలల్లో అంతా కిందికి జారి పైన సంచీ ఖాళీగా వేలాడుతుంది. దీనికి విరుగుడు వడ్రంగి దగ్గర లేదు, పరుపులు కుట్టేవాడి దగ్గర ఉంది. పరుపుకు జానెడు జానెడు దూరంలో దారం ఇటునుంచి అటు లాగి ముడి వేసినట్టే దీనికీ వేయాలి. అప్పుడు దూది ఎక్కడిది అక్కడే నిలుస్తుంది.

కొలత ఇలా పెట్టుకోవచ్చు. 2 అడుగులు వెడల్పు, 4 అడుగులు పొడవు, 4 అంగుళాల లోతున్న చెక్క చట్రం. వెనుకవైపు అంగుళం మందం రబ్బరు పీచు షీటు. అది నడుములా పలకను నిటారుగా ఉంచుతుంది. దాని ముందు మూడంగుళాల కుట్టిన దూది పరుపు. పని చేసేది అదే. దాని మీద గుడ్డ. గుడ్డ ఎంచుకునేటప్పుడు నోటికి ఆనించి ఊదండి. ఊపిరి అవతలి అరచేతికి తగిలితే శబ్దమూ వెళుతుంది. గాడా, ఖద్దరు బాగుంటాయి. రెక్సిన్, మందపాటి సోఫా గుడ్డ ఊపిరిని ఆపేస్తాయి. ఇంటి ఆడవాళ్లకు నచ్చిన రంగు, చేనేత అంచు ఏదైనా వేసుకోవచ్చు. ఊది చూసే పరీక్షలో నెగ్గితే చాలు. గోడకు బిగించేటప్పుడు రెండు మూడు అంగుళాల సందు వదిలితే అదే పలక ఇంకొంచెం కింది స్వరాల్ని కూడా అందుకుంటుంది.

నిప్పు సంగతి ఇక్కడా మరవరాదు. పత్తి, బూరుగు, కొబ్బరి మూడూ కాలేవే. అమెరికాలో పాత జీన్సు గుడ్డను చీల్చి చేసే ఇన్సులేషన్‌కు బోరేట్ ఉప్పులు పట్టిస్తారు. మన వెలిగారం ఆ జాతిదే. మంటను నెమ్మదింపజేస్తుంది, పురుగునూ దూరం పెడుతుంది. ఇది ఇంట్లో బకెట్టులో కలుపుకునే పని కాదు, తెలిసినవాళ్ల చేత చేయించి బాగా ఆరాకే కుట్టించాలి. కరెంటు వైర్లు, ప్లగ్గులు పలకల వెనుక ఉండకూడదు. అంత జాగ్రత్త కుదరదనుకునేవారికి రాక్ ఊలే మేలు.

> ఎన్ని, ఎక్కడ
>
> ● 12 × 14 × 10 అడుగుల గదికి సోఫా, తివాచీ, పరదాలు పోగా సుమారు 100 చదరపు అడుగుల పలకలు కావాలి. అంటే 2 × 4 అడుగులవి డజను.
>
> ● మీరు వినే చోట కూర్చోండి. మరొకరు పక్కగోడ మీద అద్దం జరుపుతూ పోవాలి. అద్దంలో స్పీకరు కనిపించిన చోటే మొదటి పలక. రెండో గోడకూ, వీలైతే కప్పుకూ అంతే.
>
> ● మూలల్లో నేల నుంచి కప్పు దాకా అడుగు మందానికి తగ్గకుండా పీచు దిమ్మెలు. మంద్ర స్వరాల గుబగుబ మూలల్లోనే పోగవుతుంది.
>
> ● సోఫాను వెనుక గోడకు ఆనించవద్దు. రెండు మూడు అడుగులు ముందుకు జరిపితే కాసు ఖర్చు లేకుండా బాస్ బాగుపడుతుంది.
>
> ● గాజు కిటికీకి దాని వెడల్పుకు రెట్టింపు గుడ్డతో, మడతలు పడేలా మందపాటి పరదా.

అతి చేస్తే

పలకల రుచి మరిగినవాళ్లు గోడంతా కప్పేస్తారు. అలాంటి గదిలో పాట సరే, మనుషులు మాట్లాడుకోవడమే ఇబ్బంది. గాలి బరువెక్కినట్టుంటుంది, పది నిమిషాల్లో బయటికి వెళ్లాలనిపిస్తుంది. నాదస్వరం ఆరుబయట ఊదాల్సిన వాద్యం, దానికి కాస్త గది ఊపిరి కావాలి. వీణ మీటు చివర సన్నగా సాగేది వినాలన్నా అంతే. గోడల్లో మూడో వంతు మించకుండా కప్పి, మిగతా చోట శబ్దాన్ని చెదరగొట్టే సామాను పెట్టుకోవడం మంచిది. జర్మన్ శాస్త్రవేత్త మన్‌ఫ్రెడ్ ష్రోడర్ 1975లో లెక్క ప్రకారం లోతులు మార్చి చేసిన చెక్క పలకలను ప్రతిపాదించాడు, స్టూడియోల్లో ఇప్పుడు కనిపించేవి అవే. అంత ఖర్చు వద్దనుకుంటే ఎత్తులు తేడాగా పుస్తకాలు పేర్చిన అలమరా వెనుక గోడకు పెట్టండి. దానంత కాకపోయినా చాలావరకు పని చేస్తుంది.

ఇంకో అపోహ తొలగాలి. ఈ పలకలు గది లోపలి శబ్దాన్ని బాగు చేస్తాయి, బయటికి పోయేదాన్ని ఆపవు. గుడి మైకు లోపలికి రాకుండా, మన డోలు పక్కింటికి వినబడకుండా ఉండాలంటే కావలసింది బరువు: మందపాటి గోడ, సందులు లేని నిండు తలుపు, రెండు పొరల గాజు. ఆడి నెలలో పాలక్కాడు కనుమ నుంచి గాలి విరుచుకుపడి ఊరి చుట్టూ గాలిమరలు తిరిగే రోజుల్లో కిటికీ సందులే ఈల వేస్తాయి. రబ్బరు పట్టీ బిగించడం పలకల కన్నా ముందు చేయాల్సిన పని.

అంగట్లో అడగాల్సిన మూడు

ఏ సరుకు కొన్నా మూడు ప్రశ్నలు వేయాలి. మందం ఎంత, సాంద్రత ఎంత, నిప్పు పరీక్ష కాగితం ఉందా. 125 హెర్ట్జ్ దగ్గర నూటికి ఎంత మింగుతుందో అంకె చెప్పగలిగితే ఇంకా మంచిది. రంగు, ఆకారం, పేరు గురించి ఎక్కువ మాట్లాడేవాళ్ల దగ్గర ఈ అంకెలు సాధారణంగా ఉండవు.

ఆ కాగితాల బాధ్యత కొనేవాళ్లదే కాదు. గ్లాస్ ఊల్ పొట్లం మీద మందం, సాంద్రత అచ్చువేసి ఉంటాయి. ఇంటీరియర్ డిజైనరు అది చూసే ఆర్డరు ఇస్తాడు. కొబ్బరి పీచు పరుపుగా అమ్ముడవుతోంది, పొట్టు ఇటుకలై విదేశీ తోటలకు ఓడలెక్కుతోంది. పత్తి వేస్టు మళ్లీ నూలవుతోంది. అదే పీచును, అదే దూదిని మింగుడు అంకెలతో, నిప్పు పరీక్షతో పలకలుగా చేసి అమ్మితే ఉడుమలైపేట మేడమీది గదికి మాత్రమే కాదు, బెంగళూరు ఆఫీసులకూ, హైదరాబాదు స్టూడియోలకూ ఇక్కడి నుంచే లారీలు కదులుతాయి. పత్తి సాగు, మిల్లు, పరుపుల అంగడి అన్నీ ఒకే తాలూకాలో ఉన్న చోట ఇది పెద్ద పెట్టుబడి అడిగే పని కాదు. ఎవరో ఒకరు ముందుగా పరీక్షశాలకు ఒక పలక పంపాలి.